లోర్నా పేరున మూడు వందల చేపలు

మా చేపల సంఘం వాళ్లు నెలనెలా వేసే కరపత్రంలో, ఐవర్ ట్రెలోర్ పోయాక, ఆయన గురించి మూడంటే మూడు వాక్యాలు రాశారు. ఆయన స్వర్గీయ లోర్నా భర్త అన్నది మొదటిది. అది నిజం. "డాల్బీన్ డ్యామ్‌లో పండుగప్పలు వేయాలన్న ఆశయానికి చివరిదాకా వెన్నుదన్నుగా నిలిచారు" అన్నది రెండోది. "ఆయన మనసు ఎప్పటికీ ఆ నీళ్లలోనే ఉంటుంది" అన్నది మూడోది. ఈ రెండూ రాసింది మా అధ్యక్షుడు రెక్స్. చదివి నాకు ఒళ్లు మండిపోయింది. చివరిదాకా నిలిచాడట! చివరి ఏడాది ఆయన వద్దు వద్దని మొత్తుకుంటే ఓట్లు వేసి మరీ ఓడించారు కదరా! ఒక్క ఓటు తేడాతో ఓడిపోయాడు. ఆ ఓటు నాదే. అందుకే ఇది నేను రాస్తున్నాను.

నా పేరు నెరిడా. పడవలు నీళ్లలోకి దించే రేవు పక్కన గాలాలూ ఎరలూ అమ్మే దుకాణం నాది. లోర్నా నాకు అక్క. ఐవర్ నాకు బావ.

ఐవర్ ఇరవై రెండేళ్ల వయసులో మా ఊరొచ్చాడు. అప్పుడు కరెంటు ప్లాంటు కడుతున్నారు. అసలు డ్యామ్ కట్టిందే ఆ ప్లాంటు కోసం. డ్యామ్‌లోంచి చల్లటి నీళ్లు తోడి, బొగ్గు మండే చోట యంత్రాలను చల్లబరిచి, వేడెక్కిన నీళ్లను కాలువ తవ్వి మళ్లీ డ్యామ్‌లోకే వదిలేవాళ్లు. ఆ నీళ్లు తోడే పంపుల దగ్గర ఐవర్ ముప్పై నాలుగేళ్లు పనిచేశాడు. రోజూ పొద్దున ఏడింటికి రేవు చివర నిలబడి, దారానికి కట్టిన థర్మామీటరు నీళ్లలోకి దించి, పైకి లాగి, ఎన్ని డిగ్రీలుందో జేబులోని చిన్న పుస్తకంలో రాసుకునేవాడు. ప్లాంటు వాళ్లు రాయమన్నది పని రోజుల్లోనే. ఈయన ఆదివారాలు కూడా రాసేవాడు. రిటైరయ్యాక కూడా మానలేదు.

"పెళ్లి రోజు పొద్దున కూడా నీళ్లకు జ్వరం చూసొచ్చాడే ఈ మనిషి! నాకేమో గాభరాతో ఒళ్లు కాలిపోతోంది, ఒక్కసారి చెయ్యి పెట్టి చూళ్లేదు," అని లోర్నా ఏడాదికొకసారైనా దెప్పేది. ఐవర్ మాట పొదుపు మనిషి. ఆ పొదుపు చూస్తే నాకు చిరాకు. నేను గలగలా వాగే రకాన్ని. ఒక మాటడిగితే ముందు కాసేపు నీళ్లకేసి చూసి అప్పుడు జవాబు చెప్పే మనిషితో నాకెలా పొసుగుతుంది?

పండుగప్పల ఆలోచన ఆయనదే, అందులో అబద్ధం లేదు. పండుగప్ప మా వైపు చేప కాదు. అది ఎక్కడో ఉత్తరాన, ఎండ మండే చోట, సముద్రంలో కలిసే నదుల్లో తిరిగేది. మా ఊరు గుట్టల మీద ఉంటుంది. మాకు నడి చలికాలం జూలై, ఆ నెలలో తెల్లారేసరికి గడ్డి మీద మంచు గట్టిపడి కాళ్ల కింద కరకరలాడుతుంది. అలాంటి చోట పండుగప్పలేమిటని జనం నవ్వారు. ఐవర్ పుస్తకం తీసి చూపించాడు. వేడి కాలువ పుణ్యమా అని నడి చలికాలంలో కూడా డ్యామ్ నీళ్లు ఇరవై ఒకటికి తగ్గడం లేదు. మొదట అయిదు వందల పిల్లలు వేశారు. మూడేళ్లు తిరిగేసరికి ఒక్కోటి నా నడుం ఎత్తున పెరిగింది.

ఇంక చూడండి, పడవలు లాక్కుంటూ కార్లు బారులు తీరాయి. గాలానికి పడితే ఆ చేప నీళ్లలోంచి మనిషెత్తు ఎగురుతుంది. పట్టినవాళ్లు దాన్ని పసిబిడ్డలా ఎత్తుకుని ఫొటో దిగి మళ్లీ నీళ్లలో వదిలేవాళ్లు. రెక్స్ వాళ్ల నాన్న మోటెల్‌కి ఇంకో వరస గదులు కట్టాడు. ఊరి మొదట్లో సిమెంటుతో లారీ అంత పండుగప్పను చేసి వెండి రంగు పూశారు. దాని నోట్లో తల పెట్టి ఫొటో దిగని మనిషి మా ఊరికి వచ్చినట్టే లెక్క కాదు. నేను మొగుణ్ణి వదిలేసి వచ్చి ఈ దుకాణం పెట్టుకుని ఒంటిగా బతికానంటే ఆ చేపల చలవే.

చచ్చిపోయినవాళ్లకు పూలకు బదులు చేపలు వేసే అలవాటు మాత్రం లోర్నా పెట్టింది. మా నాన్న పోయిన ఏడు కరువు. ఊళ్లో పువ్వన్నది లేదు. కోస్తా ఊళ్ల నుంచి తెప్పించాలి. "నాన్నకు పూలంటే తుమ్ములు. చేపలంటే ప్రాణం. ఆ పూలకు పెట్టే డబ్బేదో చేపపిల్లలకు ఇమ్మనండి," అంది లోర్నా. అంతే, ఆ రోజు నుంచి మా ఊళ్లో ఎవరు పోయినా అదే పద్ధతి. నా దుకాణం బల్ల మీద గాజు సీసా పెడతాం. వచ్చినవాళ్లు తోచింది అందులో వేస్తారు. దాంతో హేచరీ నుంచి పిల్లలు తెప్పిస్తాం. పోయినవాళ్ల ఇంటివాళ్లంతా రేవు దగ్గర చేరతారు. గాలి నింపిన ప్లాస్టిక్ సంచిలో చిటికెన వేలంత పిల్లలు గిరగిరా తిరుగుతుంటాయి. మూతి విప్పకుండానే సంచిని నీళ్ల మీద తేలనివ్వాలి, లోపలి నీళ్లూ బయటి నీళ్లూ ఒకే వెచ్చదనానికి వచ్చేదాకా. తొందరపడి వదిలితే పిల్లలు అదిరిపోయి చస్తాయి. మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి, సంచి మీద చెయ్యేసి, ఐవర్ చూసేవాడు. ఇరవై నిమిషాలు ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు. ఆఖరికి ఆయన "ఇప్పుడు" అనేవాడు. ఇంటివాళ్లు మూతి విప్పేవాళ్లు. పాదిరి ఎన్ని చెప్పినా ఏడవనివాళ్లు కూడా అక్కడ ఏడ్చేవాళ్లు.

ఆ తర్వాత ఎవరికైనా పెద్ద చేప పడితే సరదాగా అనుకునేవాళ్లు: "మీ నాన్న పడ్డాడోయ్ ఇవాళ. ఇంకా అదే మొండితనం. పడవంతా తిప్పేశాడు." "వదిలేశావా?" "వదలక చస్తానా? నా మోకాలు పచ్చడి చేసి మరీ పోయాడు." ఇది మా ఊరి వేళాకోళం. బయటివాళ్లకు వింతగా ఉంటుంది.

లోర్నా పోయిన జనవరిలో పోయింది. కాన్సరు. పదకొండు వారాలు. దాని గురించి ఇంక రాయను. సీసా మూడుసార్లు నిండింది. మూడు వందల పిల్లలకు సరిపోయింది. ఏప్రిల్లో హేచరీ బండి వస్తుంది, అప్పుడు వేద్దాం అనుకున్నాం. సంఘం ఏటా పిల్లలు కొనేది ఊరి క్లబ్బులో శుక్రవారం శుక్రవారం మాంసం ట్రే బహుమతిగా పెట్టి నడిపే లాటరీ డబ్బుతోనే; ఆ ఏడు టికెట్ కొనే దిక్కు కూడా లేక సంఘం తరఫున వేసే చేపలు లేకుండా పోయాయి. అంటే ఆ ఏడు వేస్తే గీస్తే లోర్నా చేపలే.

మార్చి ఆఖరుకు ప్లాంటులో మిగిలిన ఒక్క యంత్రం కూడా ఆపేస్తున్నారని అందరికీ తెలుసు. రెండేళ్ల ముందే చెప్పారు. ఉద్యోగాలు పోతాయని ఏడ్చాం, బడి మూసేస్తారని ఏడ్చాం. నీళ్లు చల్లబడతాయన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. తెలియక కాదు. ఎత్తితే నిజమైపోతుందని భయం.

మార్చి మూడో ఆదివారం మధ్యాహ్నం క్లబ్బులో సంఘం కూర్చుంది. మొత్తం పదకొండు మందిమి. ఐవర్ లేచి నిలబడ్డాడు. అంతమందిలో ఆయన లేవడం నేనదే చూడటం. చేతిలో పాత పుస్తకం.

"తొంభై నాలుగులో ప్లాంటు మరమ్మతని జూలైలో పందొమ్మిది రోజులు ఆపారు. నీళ్లు పదిహేనుకు దిగాయి. పదకొండు పెద్ద చేపలు తేలాయి. మళ్లీ ప్లాంటు మొదలెట్టారు కాబట్టి మిగతావి బతికాయి," అన్నాడు. "ఈసారి మొదలెట్టరు. ఈ ఏడు వేయొద్దు."

రెక్స్ కుర్చీలో వెనక్కి వాలాడు. వాడికి మోటెల్ ఉంది, ఆ మోటెల్లో అక్టోబరు పోటీకి గదులు అడిగినవాళ్లు సగం కూడా లేరు. "పాతికేళ్ల కిందటి మాట ఇప్పుడెందుకు ఐవర్? అప్పుడవి కొత్త చేపలు. ఇన్నేళ్లుగా ఇక్కడే ఉన్నాయి, మన చలికి అలవాటు పడుంటాయి. అవిప్పుడు మన ఊరి చేపలే."

అందరం తలలు ఊపాం. నేనూ ఊపాను. మా తెలివి అలా ఏడిసింది. ముప్పై ఏళ్లు వాటికి మా నాన్నల పేర్లూ తాతల పేర్లూ పెట్టి పిలిచి పిలిచి, అవి మా ఊళ్లో పుట్టి పెరిగిన చేపలేనని నమ్మేశాం.

"అలవాటు ఎవరికి పడుతుంది?" అన్నాడు ఐవర్. "పండుగప్ప గుడ్లు పెట్టాలంటే ఉప్పునీళ్లు కావాలి. ఈ డ్యామ్‌లో ఒక్క పండుగప్ప కూడా పుట్టలేదు రెక్స్. ఒక్కటంటే ఒక్కటి. ప్రతిదీ సంచిలో వచ్చిందే. తల్లి చలి చూసి పిల్లకు నేర్పడానికి తల్లి ఏది, పిల్ల ఏది?"

ఐవర్ అప్పుడే ఆగిపోయుంటే బాగుండేది. కానీ ఆయన ఇంకో మాటన్నాడు. ఉత్తరాన, పదమూడు గంటల ప్రయాణం దూరంలో ఒక డ్యామ్ ఉందట. అక్కడ ఏడాదంతా నీళ్లు వెచ్చగా ఉంటాయట. అక్కడి సంఘంతో మాట్లాడాడట, కాగితాలు కూడా వాళ్లే చూసుకుంటారట. హేచరీ దగ్గర పిల్లలను ఎక్కించుకుని తనే తీసుకెళ్లి వదులుతాడట. పికప్ బండి వెనక పట్టేలా తొట్టి కూడా కట్టాడట. "ఇక్కడ కావాలంటే మన ఏటి చేపలు, పసుపుపొట్టలు వేద్దాం. అవి చలికి తట్టుకుంటాయి," అన్నాడు.

"పసుపుపొట్టలా? చాల్లే సంబడం! వాటికోసం ఆరు గంటలు కారు నడుపుకుంటూ ఎవడొస్తాడు? మా అమ్మమ్మ తువ్వాలుతో పడుతుంది వాటిని," అన్నాడు రెక్స్. నలుగురు నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. "లోర్నాని ఊరుగాని ఊళ్లో వదిలేసి వస్తావా?" అన్నాను. లేచి నిలబడి అరిచాను. "మా నాన్న ఇక్కడున్నాడు, మా అమ్మ ఇక్కడుంది. ఈ పద్ధతి పెట్టిందే అది! అది పోయి మూడు నెలలు కాలేదు, అప్పుడే దాన్ని తొట్టిలో వేసి ముక్కూ మొహం తెలియనివాళ్ల నీళ్లలో పారబోసి వస్తానంటున్నావు. నీకసలు మనసుందా ఐవర్? ఆ థర్మామీటరు తప్ప నీ లోపల ఇంకేమైనా ఉందా?"

అంత మాటన్నాను. మా అక్క మొగుణ్ణి, పదిమందిలో.

అక్క కోసమే అరిచాననుకున్నాను అప్పుడు. అది సగమే. మిగతా సగం నా దుకాణం. ఈ ఏడు పిల్లలు వేయలేదని తెలిస్తే డాల్బీన్ పని అయిపోయిందని గాలం వేసేవాళ్లంతా చెప్పుకుంటారు. ఈ వయసులో నేనెక్కడికి పోను? ఈ సంగతి ఆ రోజు ఎవరైనా మొహమ్మీద అడిగి ఉంటే చెంప పగలగొట్టేదాన్ని.

చేతులెత్తమన్నారు. ప్లాంటులో పనిచేసినవాళ్లు నలుగురూ ఐవర్ వైపు, ఐవర్‌తో అయిదుగురు. రెక్స్ వైపు అయిదుగురు. అందరూ నాకేసి చూశారు. నేను రెక్స్ వైపు ఎత్తాను. ఐవర్ పుస్తకం జేబులో పెట్టుకున్నాడు. "సరే," అన్నాడు. "బండి వచ్చే రోజు చెప్పండి. నేనుంటాను."

ఉన్నాడు కూడా. ఏప్రిల్లో ఒక గురువారం పొద్దున హేచరీ బండి వచ్చింది. ఆయన ప్యాంటు మడిచి నీళ్లలోకి దిగాడు. సంచిని తేలనిచ్చాడు. ఇంకా ఎండలు పోలేదు, నీళ్లు ఇరవై అయిదున్నాయి. ఊరి జనం ముప్పై మంది దాకా వచ్చారు. ఆయన సంచి మీద చెయ్యేసి నిలబడ్డాడు, ఎప్పుడూ ఎంతసేపు నిలబడతాడో అంతకంటే ఎక్కువసేపే. నాకు విసుగొచ్చింది కూడా. వేయడం ఇష్టం లేక సాగదీస్తున్నాడనుకున్నాను, ఛీ, నా బుద్ధి.

"ఇప్పుడు," అన్నాడు. నేను మూతి విప్పాను. మూడు వందలూ ఒక్కసారి బయటికి రాలేదు. కొన్ని సంచి అంచు దగ్గర ఆగాయి. ఆయన మెల్లగా సంచి అడుగు ఎత్తాడు. "వెళ్లండమ్మా," అన్నాడు వాటితో. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

మర్నాటి నుంచి రోజూ ఏడుంబావుకు దుకాణానికి వచ్చేవాడు. రొట్టె కొనుక్కుని, వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగి ఒక అంకె చెప్పేవాడు. "ఇరవై మూడు." మేలో "ఇరవై." జూన్ మొదట్లో "పద్దెనిమిదిన్నర." అంతే. ఇంకో ముక్క ఉండేది కాదు. నన్ను దెప్పడానికే చెప్తున్నాడని పళ్లు కొరుక్కునేదాన్ని. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"ఎందుకయ్యా రోజూ నాకు అప్పజెప్తావు? నేను ఓటేశాననేగా? చెప్పదలుచుకుంది సూటిగా చెప్పు."

ఆయన కంగారుపడ్డాడు. నిజంగా కంగారుపడ్డాడు. "అది కాదు నెరిడా. రోజూ ఇంటికెళ్లి లోర్నాకి చెప్పేవాణ్ణి. పొయ్యి దగ్గర ఉండి, 'ఎంతుంది?' అనేది. ఇప్పుడు ఎవరికీ చెప్పకపోతే..." అని ఆగిపోయాడు. "మానేస్తాలే."

"మానక్కర్లేదు," అన్నాను. ఇంకేమనను?

జూలై రెండో వారంలో రెండు రోజులు వాన పడింది. ఆ వెంటే పడమటి గాలి మొదలైంది. ఆ గాలి మూడు రాత్రులూ మూడు పగళ్లూ ఆగలేదు. నాలుగో రోజు ఆయన రొట్టె తీసుకోలేదు. గుమ్మంలోనే నిలబడి "పద్నాలుగు," అని వెళ్లిపోయాడు.

తేలుతున్నాయని మొదట నాకు చెప్పింది కొంగలు. రేవు ముందు వందల కొద్దీ వాలాయి. వెళ్లి చూస్తే నీళ్ల మీద వెండి పళ్లేలు పరిచినట్టు చేపలు. చచ్చినవి కొన్ని, చావబోతున్నవి ఎక్కువ. పక్కకు ఒరిగిపోయి, ఒళ్లంతా ఎర్రటి పుళ్లతో, మెల్లగా దవడలు ఆడిస్తున్నాయి. మనిషి చెయ్యి వేస్తే కదలడం లేదు. ఒకప్పుడు ఒక్క దాన్ని గట్టుకు లాగడానికి ఇద్దరు మగాళ్లు చెమటలు కక్కేవాళ్లు. ఇప్పుడు చంటిపిల్ల ఎత్తుకోవచ్చు వాటిని.

ఐవర్ రేకు పడవ దించాడు. తొమ్మిది రోజులు. పొద్దున ఏడింటికి అంకె రాసుకుని పడవెక్కడం, నిండగానే గట్టుకు తేవడం, ప్లాంటు పాత మనుషులు గొయ్యి తీస్తే అందులో వేయడం, మళ్లీ వెళ్లడం. డెబ్బై నాలుగేళ్ల మనిషి. వద్దని చెప్పడానికి లోర్నా లేదు, చెప్పే మొహం నాకు లేదు. కంపు ఊరంతా కొట్టింది. రెక్స్ ముక్కుకు రుమాలు కట్టుకుని వచ్చి గట్టు మీద నిలబడ్డాడు.

"ఐవర్, ఇంకెన్ని ఉంటాయంటావ్?" అన్నాడు.

"అన్నీ," అన్నాడు ఐవర్.

రెక్స్ చెప్పులు విప్పి నీళ్లలోకి దిగి, పడవలోంచి చేపలు అందుకున్నాడు. వాడి గురించి ఒక్క మంచి మాట చెప్పాలంటే ఇదొక్కటే. ఆ రోజు సాయంత్రం దాకా మోశాడు. ఒక పెద్ద చేపను ఎత్తుకుని గొయ్యి దగ్గర చాలాసేపు నిలబడిపోయాడు. వాళ్ల నాన్న పోయి ఆరేళ్లు. ఆ చేప వయసు కూడా ఇంచుమించు అంతే. ఆ రోజు ఎవరూ వేళాకోళం ఆడలేదు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఐవర్ నా దుకాణానికి వచ్చాడు. బల్ల మీద తడి గోనె ముక్క పెట్టి విప్పాడు. లోపల చిన్న పండుగప్ప. నా అరచెయ్యంత ఉంటుంది. ఒంటి మీద పుండన్నది లేదు, నిగనిగలాడుతోంది, చచ్చిపోయింది. ఆ ఏడు డ్యామ్‌లో పడ్డ పిల్లలు లోర్నావి తప్ప ఇంకేవీ లేవు. ఎవరిదని అడగాల్సిన పని లేదు.

"చిన్నవి ఇదొక్కటే దొరికింది. మిగతావి కొంగలు తీసుకునుంటాయి," అన్నాడు. వేలితో దాని పొట్ట తడిమాడు. "పెరిగాయి నెరిడా. చూడు, పొట్ట నిండుగా ఉంది. మూడు నెలల్లో ఇంత పెరిగాయి. బాగా తిన్నాయి."

నన్ను తిట్టడానికి రాలేదు. ఆ సంగతి చెబుదామని వచ్చాడంతే. ఇంకెవరున్నారు ఆయనకు చెప్పడానికి? నేను బల్ల పట్టుకుని నిలబడ్డాను. క్షమించమని అడగాలి. నోరు తెరిస్తే ఊళ్లో ఎవరూ ఆపలేని దాన్ని, ఒక్క మాట పైకి రాలేదు. ఆయన గోనె మళ్లీ చుట్టి తీసుకెళ్లాడు. వాళ్ల పెరట్లో, లోర్నా పెంచిన నిమ్మచెట్టు కింద పాతిపెట్టాడని తర్వాత తెలిసింది.

ఆ తొమ్మిది రోజుల చలి ఆయనకు ఛాతీలో పట్టింది. తగ్గినట్టే తగ్గి తిరగబెట్టింది. సెప్టెంబరులో కోస్తా ఊరి ఆసుపత్రిలో చేర్చాం. నాలుగు రోజులు పక్కన కూర్చున్నాను. మూడో రోజు కళ్లు తెరిచి "ఎంతుంది?" అన్నాడు. నేను ఆసుపత్రిలో ఉంటే నీళ్లెవరు చూశారు? ఏదో ఒకటి చెప్పి సంతోషపెడదామని "ఇరవై రెండు," అన్నాను.

"సెప్టెంబరులోనా?" అన్నాడు. మూతి మీద చిన్న నవ్వు. "నీకు అబద్ధం చెప్పడం కూడా రాదు." అదే నాతో ఆయన ఆడిన ఆఖరి మాట.

పద్ధతి ప్రకారం సీసా పెట్టాను. ఊళ్లో మనుషులు సగమయ్యారు, అయినా సీసా నిండింది. రెక్స్ వచ్చాడు. "పసుపుపొట్టలు వేద్దాం నెరిడా. పాపం ఆయన చెప్పిందే అది కదా. మనకిప్పటికి బుద్ధొచ్చింది," అన్నాడు. ఓటింగు పెడదామన్నాడు.

"ఓటూ వద్దు గీటూ వద్దు. ఆ సీసా ముట్టుకుంటే చెయ్యి విరుగుతుంది," అన్నాను.

ఐవర్ వాళ్ల రేకుల షెడ్డుకు వెళ్లి తొట్టి వెతికాను. మూల దుప్పటి కప్పి ఉంది. గాలి కొట్టే పంపు, బ్యాటరీ, చుట్టూ చలి తగలకుండా దూది పరుపు ముక్కలు, అన్నీ అమర్చి ఉన్నాయి. మూత లోపలి వైపు పెన్సిలుతో రాసుకున్నాడు: "లోర్నా. మూడు వందలు. ఇరవై ఆరు దగ్గర ఉంచాలి. ప్రతి రెండు గంటలకు ఆగి చూడాలి." ఆ తొట్టి పక్కన నేల మీద కూలబడి ఏడ్చాను. క్లబ్బులో నేను మనసు లేదన్న మనిషి చేతిరాత అది.

నవంబరులో ఆయన పికప్ బండి వెనక తొట్టి ఎక్కించుకుని హేచరీకి వెళ్లి మూడు వందల పిల్లలను తీసుకున్నాను. రెండు గంటలకోసారి ఆగి ఆయన థర్మామీటరుతో చూశాను. దారిలో ఒక రాత్రి ఆగి, మర్నాడు మధ్యాహ్నానికి ఉత్తరాన ఆ డ్యామ్ చేరాను. అక్కడి సంఘం నుంచి ఒకామె వచ్చింది, ఎండకు మొహం కమిలిన మనిషి, చేతిలో కాగితం. ఐవర్ ఫోన్లో మాట్లాడింది ఈమెతోనేనట.

"ఆయన ఏప్రిల్లోనే వస్తానన్నారు. చాలా రోజులు చూశాం," అంది.

"నా వల్లే ఆలస్యమైంది," అన్నాను.

"ఎవరి పేరున రాయమంటారు?"

సీసాలో వేసినవాళ్లంతా ఐవర్ కోసం వేశారు. నేను "లోర్నా," అన్నాను. ఆమె రాసుకుంది.

పిల్లలను సంచిలోకి మార్చి, చెప్పులు విప్పి, లంగా ఎత్తి పట్టుకుని నీళ్లలోకి దిగాను. సంచి తేలుతోంది. దాని మీద చెయ్యేసి నిలబడ్డాను. ఇరవై నిమిషాలు దాటింది. "ఇప్పుడు" అనేవాళ్లు ఎవరూ లేరు. ఆమె గట్టు మీద నుంచి నాకేసే చూస్తోంది. ఇంకాసేపు ఆగాను. తర్వాత ఆ మాట నేనే అని మూతి విప్పాను. నీళ్లు వెచ్చగా ఉన్నాయి.